నాలుగెకరాల పొలంలో చెట్లు పెంచాలంటే: వేయకముందు నుంచి అమ్మేదాకా

రెండెకరాలో నాలుగెకరాలో పొలం ఉండి, అందులో కొంత చెట్లకు వదలాలనుకునేవాళ్ల కోసం రాస్తున్నాను. ఊళ్లో ఉండి సాగు చేసుకునేవాళ్లకు పనికొస్తుంది, హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉద్యోగం చేసుకుంటూ "నాన్న పొలం ఖాళీగా ఉంది, చెట్లు వేసేస్తే వాటంతటవే పెరుగుతాయి కదా" అనుకునేవాళ్లకు ఇంకా ఎక్కువ పనికొస్తుంది. అవి వాటంతటవి పెరగవు. మొదటి రెండేళ్లు మిర్చి తోటంత శ్రద్ధ అడుగుతాయి, ఆ తర్వాత పని తక్కువే గానీ మర్చిపోతే కుదరని పని, చివర్లో కొట్టి అమ్మేటప్పుడు మళ్లీ తిరుగుడు బాగా ఉంటుంది. నేను చూసిందంతా ఎక్కువగా ఖమ్మం, ఎన్టీఆర్ జిల్లాల సరిహద్దు ఊళ్లలో, కొంత కోస్తాలో. మీ నేల వేరైతే లెక్కలు కొంచెం మార్చుకోండి, పద్ధతి మాత్రం ఇదే.

ముందు కొనేవాళ్లు, తర్వాత మొక్క

అందరూ మొదట అడిగేది "ఏ చెట్టు వేయమంటారు?" అని. దానికన్నా ముందు తేల్చుకోవాల్సినవి రెండు. ఆ కర్ర మీకు దగ్గర్లో ఎవరు కొంటారు? మీ పొలం దాకా లారీ ఎటు నుంచి వస్తుంది?

జామాయిల్ (యూకలిప్టస్), సుబాబుల్, సరుగుడు ఎక్కువగా కాగితం మిల్లులకు పోతాయి. భద్రాచలం దగ్గర సారపాకలో, రాజమండ్రిలో, కాగజ్‌నగర్‌లో మిల్లులున్నాయి. ధర టన్నుల్లో చెప్తారు, కిరాయి కూడా టన్నుకే పడుతుంది, కాబట్టి మిల్లు దూరమయ్యే కొద్దీ మీ చేతికి వచ్చేది కరిగిపోతుంది. నరికినందుకు, బెరడు తీసినందుకు, లోడు ఎత్తినందుకు, లారీకి, ఈ నాలుగు ఖర్చులూ తీసేశాక టన్నుకు ఎంత మిగులుతుందో, గత ఏడాది మీ మండలంలోనే తోట కొట్టించినవాళ్లను ఇద్దరు ముగ్గుర్ని అడగండి. మిల్లు గేటు దగ్గరి ధర పట్టుకుని లెక్కలు వేయకండి, అది మీ ధర కాదు. మలబారు వేపైతే ప్లైవుడ్ ఫ్యాక్టరీ అందుబాటులో ఉండాలి. టేకుకు సామిల్లు చాలు, కొనేవాళ్లు ఊరూరా ఉంటారు, కానీ ఇరవై ఏళ్లకు పైనే ఆగాలి.

ఇక దారి. నాలుగేళ్ల తర్వాత ఎకరానికి పదుల టన్నుల కర్ర బయటికి రావాలి. మధ్యలో పక్కవాళ్ల వరి ఉంటే లారీని వాళ్లెందుకు పోనిస్తారు? నల్లరేగడి అయితే వానాకాలంలో ట్రాక్టరే దిగబడుతుంది. అందుకే వేసే రోజునే పొలంలో కనీసం పన్నెండడుగుల బాట వదిలి, పక్క రైతుతో "ఫలానా నెలలో మీ చేను మీదుగా తోలుకుంటాం" అని మాట అనుకుని పెట్టుకోవాలి. ఈ ఒక్క మాట లేకపోవడం వల్ల, కర్ర కొట్టి గట్టున పడేసి, ఎండి బరువు తగ్గిపోతుంటే చూస్తూ కూర్చున్నవాళ్లు మా వైపు చాలామంది ఉన్నారు.

శ్రీగంధం, ఎర్రచందనం గురించి అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. శ్రీగంధం ఒంటరిగా పెరగదు, దాని వేళ్లు పక్క చెట్టు వేళ్లను పట్టుకుని కొంత ఆహారం లాక్కుంటాయి. మొదట్లో పక్కన కంది, తర్వాత సరుగుడు లాంటి చెట్టు తోడు లేకపోతే గిడసబారి పోతుంది. చేవ, అంటే కాండం లోపలి గట్టి చెక్క, కట్టడం మొదలైన దగ్గర్నుంచి దొంగల భయం, కాపలా ఖర్చు. ఎర్రచందనం సహజంగా పెరిగేది శేషాచలం, వెలికొండ, పాలకొండ, నల్లమల కొండల్లో మాత్రమే, 1995 నుంచి అంతర్జాతీయ వ్యాపారం మీద సైటిస్ (అంతరించే ప్రమాదమున్న మొక్కలు, జంతువుల వ్యాపారంపై దేశాల మధ్య ఒప్పందం) నియంత్రణ ఉంది. సొంత పొలంలో పెంచిన చెట్టైనా అనుమతుల మీద అనుమతులు కావాలి, చేవ రావడానికి దశాబ్దాలు పడుతుంది. ఎకరం కొనండి, చెట్లు మేం చూసుకుంటాం, పదిహేనేళ్లకు కోట్లు అని ఎవరైనా బ్రోచర్ చూపిస్తే డబ్బు కట్టకండి. 1990లలో టేకు తోటల పేరుతో ఇలాగే దేశమంతా వసూళ్లు జరిగాయి, ఇలాంటి పథకాలను అదుపు చేయడానికి మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 1999లో ప్రత్యేకంగా నిబంధనలే తేవాల్సి వచ్చింది. పిల్లల కోసమని ఓ ఇరవై శ్రీగంధం మొక్కలు ఇంటికి దగ్గరగా, కంటికి కనిపించేలా వేసుకోండి, బాగుంటుంది. బతుకుతెరువు మాత్రం వాటి మీద పెట్టొద్దు.

కాగితాలు

హద్దులు తేలకుండా గట్టు మీద మొక్క పెట్టకండి. చెట్టు పెద్దదయ్యాక హద్దు గొడవ వస్తే చెట్టూ పోతుంది, పక్కవాడితో మంచితనమూ పోతుంది. సర్వేయర్‌తో కొలిపించి, రాళ్లు పాతించి, హద్దు నుంచి కనీసం రెండు మీటర్లు లోపలికి వేయండి. ఆంధ్రప్రదేశ్‌లో రీసర్వే అయిన ఊరైతే కొత్త విస్తీర్ణం పాస్‌పుస్తకంలో సరిగ్గా పడిందో లేదో చూసుకోండి. తెలంగాణలో 2025 ఏప్రిల్ నుంచి ధరణి స్థానంలో భూభారతి వచ్చింది, అందులో మీ సర్వే నంబరు, విస్తీర్ణం ఒకసారి సరిచూసుకోండి. పంట నమోదు చేసేటప్పుడు తోటను కూడా చెట్ల రకంతో సహా రాయించండి. ఈ-పంటలోనో పహాణీలోనో ఆ ఎంట్రీ ఉంటే రేపు కొట్టేటప్పుడు ఇవి మీ పొలంలో మీరు పెంచిన చెట్లేనని చూపించడం సులువవుతుంది. అడవి హద్దును ఆనుకుని ఉన్న పొలాలకు ఇది మరీ ముఖ్యం.

2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం చెట్లు కొట్టడానికి అనుమతి అవసరం. జామాయిల్, సుబాబుల్, సరుగుడు లాంటి తోట కర్రకు సడలింపులున్నాయి. టేకు, వేగి, నల్లమద్ది లాంటివాటికి కొట్టడానికీ రవాణాకీ ఫారెస్ట్ వాళ్ల కాగితం కావాలి. కొనేవాడు "అన్నీ నేను చూసుకుంటా" అంటాడు, లారీ చెక్‌పోస్టు దగ్గర ఆగితే మాత్రం పేరు మీది బయటికొస్తుంది. కాబట్టి బేరానికి ముందే రేంజ్ ఆఫీసుకు పాస్‌పుస్తకం కాపీతో ఒకసారి మీరే వెళ్లండి. ఆన్‌లైన్‌లో రవాణా పర్మిట్ ఇచ్చే పద్ధతిని 2020లో ముందుగా ప్రయోగంగా పెట్టింది మధ్యప్రదేశ్, తెలంగాణల్లోనే, 2023 చివర్లో దాన్ని దేశమంతటికీ తెచ్చారు.

మంచి నేల పంటకు, మొండి నేల చెట్టుకు

నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. చిన్న రైతు ఉన్న పొలమంతా ఒకే రకం చెట్టు వేసేసి కూర్చోకూడదు. నాలుగేళ్లపాటు రూపాయి రాదు, నాలుగో ఏట ధర పడిపోతే చేసేదేం లేదు. సుబాబుల్ ధర పడిపోయి రైతులు రోడ్డెక్కిన రోజులు కృష్ణా, ప్రకాశం వాళ్లెవరూ మర్చిపోరు. కోస్తాలోనైతే దీనికి తుపాను భయం తోడు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చినప్పుడు ఉత్తరాంధ్రలో సరుగుడు, జీడిమామిడి, కొబ్బరి తోటలు ఒక్క రోజులో నేలమట్టమయ్యాయి. ఒకే వయసు, ఒకే రకం ఉంటే ఆ దెబ్బ మొత్తం ఒకేసారి తగులుతుంది.

నాలుగెకరాలుంటే నేనిలా చేయమంటాను. బోరు కింద పారే రెండు రెండున్నర ఎకరాలు పంటకే ఉంచండి. వాలుగా, గులకరాళ్లతో, ఏం వేసినా సరిగ్గా పండని మూల ఒక ఎకరం ఎక్కడో ఉంటుంది, చెట్లు అక్కడికి పోవాలి. అందులోనూ సగం ఈ ఏడు, సగం రెండేళ్ల తర్వాత వేస్తే కోతలు కూడా విడివిడిగా వస్తాయి. గట్ల మీద టేకు, గిరిపుష్పం (గ్లైరిసిడియా). చదరంగా ఉన్న ఎకరానికి చుట్టూ సుమారు 254 మీటర్ల గట్టు వస్తుంది. రెండు మీటర్లకొక మొక్క అనుకుంటే 120కి పైగా చెట్లు, పంట నేల పెద్దగా పోకుండానే. గిరిపుష్పం కొమ్మలు ఏడాదికి రెండు మూడు సార్లు కొట్టి చేలో వేస్తే పచ్చిరొట్ట ఎరువు ఇంట్లోనే దొరికినట్టు. తూర్పు పడమరలుగా ఉన్న గట్ల మీద ఎత్తు చెట్లు వేస్తే పంట మీద నీడ తక్కువ పడుతుంది, ఉత్తర దక్షిణంగా ఉన్న గట్టుకు గిరిపుష్పం లాంటి పొట్టివి చాలు.

జామాయిల్‌ను మాత్రం పంటను ఆనించి వేయొద్దు. నీళ్లూ బలమూ లాగేస్తుంది. తప్పదనుకుంటే చెట్లకూ పంటకూ మధ్య రెండు మూడడుగుల లోతు కందకం తీయించి, ఏటా ఒకసారి దాంట్లోకి వచ్చిన వేళ్లు నరికేయాలి. ఆ కందకం వాన నీటినీ పడుతుంది. నేలను బట్టి రకం ఎంచుకోవడం కూడా ముఖ్యం: సముద్రం పక్క ఇసుక నేలకు సరుగుడు, నల్లరేగడిలో సుబాబుల్ బాగా వస్తుంది, నీరు నిలిచే చోట టేకు పనికిరాదు, పెరిగినట్టే పెరిగి ఆగిపోతుంది. సుబాబుల్‌లో ఒక చిక్కు ఉంది, గింజ రాలి పక్క చేలన్నిట్లో మొలుస్తుంది. ఆకు మేకలకు, గేదెలకు మంచి మేతే గానీ మొత్తం మేతలో మూడో వంతు దాటనీయకండి, అందులో మైమోసిన్ అనే పదార్థం ఉంటుంది, ఎక్కువైతే వెంట్రుకలు రాలి పశువు నీరసిస్తుంది.

ఇప్పటికే పొలంలో ఉన్న వేప, చింత, ఇప్ప, తాటి చెట్ల మీద గొడ్డలి పెట్టకండి. చాలామంది కొత్త తోట కోసం నేల చదును చేయిస్తూ జేసీబీతో ముందు వాటినే పీకించేస్తారు, నాకు చాలా బాధగా ఉంటుంది. ముసలి చెట్టు తొర్రలో గుడ్లగూబ ఉంటే మీ వరి చేలో ఎలుకలు తగ్గుతాయి, కూలీలకు నీడ, పశువులకు నీడ. 2021లో తెలంగాణలో వేపచెట్లు కొసల నుంచి మాడిపోతూ వచ్చినప్పుడు చచ్చిపోయాయనుకుని కొట్టేసినవాళ్లున్నారు. అది శిలీంధ్రం వల్ల వచ్చే కొమ్మఎండు తెగులు, ఆగినవాళ్ల చెట్లలో ఎక్కువ భాగం తర్వాతి వానలకు మళ్లీ చిగుర్లు వేశాయి.

మొక్క నాటడం, మొదటి రెండేళ్లు

గుంతలు ఏప్రిల్, మే నెలల్లోనే తవ్వించండి, ఒకటిన్నర అడుగుల పొడవు, వెడల్పు, లోతు. రోహిణి కార్తె ఎండ గుంతకు తగలాలి, పురుగూ తెగులూ తగ్గుతాయి. పైమట్టి ఒక పక్క, అడుగు మట్టి ఒక పక్క పోయించి, పూడ్చేటప్పుడు పైమట్టిలో మాగిన పశువుల ఎరువు, ఓ రెండు గుప్పిళ్ల వేపపిండి కలిపి వేయాలి. ఎర్రనేలలో చెద ఎక్కువ, మాగని పేడ వేస్తే చెదను పిలిచినట్టే.

మృగశిర రాగానే ఒక్క జల్లు పడిందని తొందరపడకండి. రెండు మంచి వానలు పడి, నేల జానెడు లోతు తడిశాక నాటండి. జూన్ ఆఖరు నుంచి జులై మా వైపు సరైన సమయం. నెల్లూరు లాంటి చోట్ల వానలు ఎక్కువగా అక్టోబరు, నవంబరులో కాబట్టి అక్కడ లెక్క అప్పుడే. నర్సరీలో మొక్క ఎత్తు చూసి మోసపోవద్దు, ఒకటి రెండు సంచులు చింపి వేళ్లు చూడండి. వేళ్లు సంచి అడుగున గుండ్రంగా చుట్టుకుని ఉంటే అది ముదిరిన మొక్క, నాలుగేళ్ల తర్వాత గాలివానకు ముందు పడేది అదే. అడుగు, అడుగున్నర ఎత్తు, పెన్సిల్ మందం కాండం చాలు. జామాయిల్‌కు, సరుగుడుకు విత్తనపు మొక్కల కన్నా క్లోన్ మొక్కలు (మంచి చెట్టు కొమ్మల నుంచి పెంచినవి) తీసుకోండి, ఖర్చు ఎక్కువే గానీ తోటంతా ఒకే తీరుగా పెరుగుతుంది. సరుగుడు నర్సరీ మట్టిలో పాత సరుగుడు తోట మట్టి, వేరు బుడిపెలు కొంచెం కలిపారో లేదో అడగండి, ఆ బుడిపెల్లోని సూక్ష్మజీవులే గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తాయి.

దూరం మూడు మీటర్లకు రెండు మీటర్లయితే ఎకరానికి సుమారు 670 మొక్కలు, మూడుకు ఒకటిన్నర అయితే సుమారు 900. నేను మొదటిదే మేలంటాను, ఎందుకంటే వరుసల మధ్య మొదటి రెండేళ్లు మినుము, పెసర, వేరుశనగ, నువ్వులు వేసుకోవచ్చు. ఆ పంట కోసం చేసే కలుపు, తోలే నీరు మొక్కకూ అందుతాయి. ఊళ్లో లేనివాళ్లయితే ఆ అంతరపంట కౌలు లేకుండా ఎవరికైనా ఇచ్చి, బదులుగా మొక్కలు చూసుకోమనండి. చెట్టు కొమ్మ మీద కూడా కౌలుదారుకు హక్కు ఉండదని, చనిపోయిన మొక్కల లెక్క ఎప్పటికప్పుడు చెప్పాలని ఒక కాగితం మీద రాసుకోండి.

నాటిన నెలలోపు చచ్చిన చోట మళ్లీ మొక్క పెట్టాలి. ఏడాది తర్వాత పెడితే పక్క చెట్ల నీడలో అది లేవదు. మొక్క చుట్టూ మీటరు మేర గడ్డి లేకుండా చూసి, అక్కడ ఎండు ఆకో వరిగడ్డో పరవండి, కాండానికి ఆనకుండా. వాలు నేలలో మొక్కకు దిగువన అర్ధచంద్రాకారంలో చిన్న గట్టు వేస్తే పారే నీరు అక్కడే ఇంకుతుంది. మొదటి ఎండాకాలం దాటడమే అసలు పరీక్ష. డ్రిప్పు లేకపోతే వారానికి ఒకసారి మొక్కకు ఒక బిందె నీళ్లైనా పోయించండి, ఎకరానికి ట్యాంకరు ఖర్చు లెక్కేసుకుని ఆ డబ్బు ముందే పక్కన పెట్టండి.

టేకును దగ్గర దగ్గరగా, రెండు మీటర్లకు రెండు మీటర్లు వేసినవాళ్లు ఐదారేళ్లకు పలచన చేసి తీరాలి. పెంచిన చెట్టును నరకడానికి మనసు రాదు, నిజమే. కానీ వెయ్యి చెట్లు ఒకదాన్నొకటి తొక్కుకుంటూ వాసాల్లా సన్నగా నిలబడటం కన్నా ఐదు వందలు లావెక్కడం మేలు. వంకర, పుచ్చు, పక్కదాని కింద అణిగిపోయినవి ముందు తీయండి. పదేళ్ల తర్వాత మళ్లీ ఒకసారి. పక్క కొమ్మలు చిటికెన వేలంత ఉన్నప్పుడే పదునైన కత్తెరతో కాండానికి దగ్గరగా కోయాలి, లావయ్యాక కోస్తే చెక్కలో ముడి పడి ధర తగ్గుతుంది.

అగ్గి, అడవి పందులు

సంక్రాంతి దాటాక తోటలో గడ్డి ఎండుతుంది. ఫిబ్రవరి లోపు తోట చుట్టూ పదడుగుల వెడల్పు గొర్రు తోలించి మట్టి తేలేలా ఫైర్ లైన్ వేయండి, ఎకరం దాటిన తోటకు మధ్యలో కూడా ఒకటి. మంట ఎక్కువగా వచ్చేది పక్క చేలో మొక్కజొన్న దంట్లు, వరి కొయ్యలు తగలబెట్టినప్పుడు. కొండ పక్క ఊళ్లలో ఇప్ప పూలు ఏరుకునేందుకు చెట్టు కింద ఆకులు తగలబెడతారు, అక్కడి నుంచీ వస్తుంది. పక్కవాళ్లతో ముందే మాట్లాడి, వాళ్లు కాల్చే రోజు మీ మనిషి ఒకరు నీళ్ల ట్యాంకుతో అక్కడ ఉండేలా చూసుకోండి. మేకల కాపరులతో మంచిగా ఉంటే గడ్డి వాళ్లే మేపించి పోతారు, కానీ చెట్లు మేక నోటికి అందనంత ఎత్తు పెరిగాకే లోపలికి రానివ్వండి.

అడవి పందుల కోసం కరెంటు తీగ పెట్టకండి. అది నేరం, పైగా ఏటా మన రెండు రాష్ట్రాల్లో ఆ తీగ తగిలి చనిపోతున్నది రైతులు, కూలీలు, చీకట్లో అటు నడిచి వచ్చిన పక్కింటి మనిషి. సోలార్ ఫెన్సింగ్ వేరు, అది ఆగి ఆగి షాక్ ఇస్తుంది, బెదిరిస్తుంది గానీ చంపదు. అంత ఖర్చు పెట్టలేకపోతే గట్టు వెంట వాక్కాయ, గచ్చకాయ లాంటి ముళ్ల కంచె రెండేళ్లలో దట్టంగా అల్లుకుంటుంది.

కొట్టడం, అమ్మడం

గుత్తగా అమ్మాలా, టన్ను లెక్కనా? దూరంగా ఉండేవాళ్లకు గుత్త సులువుగా కనిపిస్తుంది, కానీ గుత్తకు అడిగే వ్యాపారి మీ తోటలో ఎంత కర్ర ఉందో మీకన్నా బాగా అంచనా వేసుకునే వస్తాడు. కుదిరితే టన్ను లెక్కకే అమ్మండి. ఖాళీ లారీ కాటా, లోడు లారీ కాటా రెండూ మీ మనిషి కళ్లెదుట జరగాలి, చీటీ మీ దగ్గర ఉండాలి. కొట్టిన కర్ర రోజురోజుకూ బరువు తగ్గుతుంది, కాబట్టి ఎన్ని రోజుల్లో ఎత్తాలో, బెరడుతోనా బెరడు తీసా, ఎంత లావు కన్నా సన్నవి తీసుకోరు, ముఠా కూలి ఎవరిది, ఇవన్నీ బయానా తీసుకునే రోజునే రాయించుకోండి. డబ్బు లారీ లెక్కన తీసుకోవాలి, తోట మొత్తం ఖాళీ అయ్యాక ఇస్తామంటే ఒప్పుకోవద్దు.

టేకు లాంటి కలపకు ఘనపుటడుగుల లెక్క. దుంగ మధ్యలో చుట్టుకొలత అంగుళాల్లో తీసుకుని నాలుగో వంతు చేయండి, దాన్ని దానితోనే గుణించి, పొడవు అడుగులతో గుణించి, 144తో భాగించండి. చుట్టుకొలత 36 అంగుళాలు, పొడవు పదడుగులైతే తొమ్మిది తొమ్మిదులు 81, పదితో 810, భాగిస్తే ఐదున్నర ఘనపుటడుగులకు కొంచెం పైన. ఈ లెక్క వస్తే ఎవరూ మిమ్మల్ని చూపుతో బేరం ఆడించలేరు. చుట్టుకొలతను బెరడు మీద తీశారా, బెరడు తీసేశాకా అన్నది కూడా అడగండి, తేడా బాగానే ఉంటుంది.

జామాయిల్, సుబాబుల్ మోడు నుంచి మళ్లీ చిగురిస్తాయి కాబట్టి మోడును కాపాడుకుంటే రెండో కోతకు మొక్కల ఖర్చుండదు. నడివేసవిలో కొట్టిస్తే మోడు ఎండిపోతుంది. సంక్రాంతి తర్వాత నేలలో ఇంకా చెమ్మ ఉండగా, చేలల్లో దారి దొరికే రోజుల్లో కొట్టించడం మా వైపు కుదిరే పని. నేలకు నాలుగు నుంచి ఆరంగుళాల ఎత్తులో, రంపంతో, నీళ్లు నిలవకుండా ఏటవాలుగా, బెరడు చీలకుండా కోయాలి. ముఠా వాళ్లు తొందరలో గొడ్డలితో ఎక్కడపడితే అక్కడ నరుకుతారు, మొదటి రోజంతా మీరు పక్కనే ఉండి నాలుగు మోడులు చూపించి, ఇలాగే కావాలని మేస్త్రికి చెప్పండి. లారీ చక్రాలు మోళ్ల మీద ఎక్కకుండా బాట గుర్తు పెట్టించండి. మూడు నాలుగు నెలలకు మోడు చుట్టూ గుత్తిగా పిలకలు వస్తాయి. వాటిలో బలమైనవి, నేలకు దగ్గరగా పుట్టినవి, ఎదురెదురుగా ఉన్నవి రెండు ఉంచి మిగతావి కోసేయండి. సరుగుడు ఇలా సరిగ్గా పిలకేయదు, దానికి మళ్లీ మొక్కే. జామాయిల్ కూడా రెండు మూడు కోతల తర్వాత మోడు బలం తగ్గుతుంది, అప్పుడు జేసీబీతో వేర్లతో సహా తీయించాల్సిందే, ఆ ఖర్చు మాత్రం ఆఖరి కోత డబ్బులోంచి ముందే తీసి పక్కన పెట్టుకోండి.